యల్లాప్రగడ సుబ్బారావు: పురుగుకు విరుగుడు వెదికిన భీమవరం వైద్యుడు

బోదకాలు వ్యాధి పీడిస్తున్న జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది, ఆశా కార్యకర్తలు మాత్రల సంచితో ఇంటింటికీ తిరిగే రోజులు కొన్ని ఉంటాయి. వారు ఇంట్లోని ఒక్కొక్కరి వయసు అడిగి, దాని ప్రకారం మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెడతారు. తమ ఎదుటే మింగమని కోరతారు. కొందరు మింగుతారు. కొందరు తరువాత వేసుకుంటామని చెప్పి గూట్లో పెట్టేస్తారు. జబ్బే లేని తమకు మందెందుకని మరికొందరు ప్రశ్నిస్తారు. ఆ మాత్రల్లో ప్రధానమైన దాని పేరు డీఈసీ. పూర్తి పేరు డైఇథైల్‌కార్బమజైన్.

ఆ మందును 1947లో ప్రపంచానికి అందించిన పరిశోధన విభాగానికి సారథ్యం వహించినవారు తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కన్నుమూసి ఏడు దశాబ్దాలు దాటింది. ఆయన పేరు తెలిసినవారు సైతం ఎక్కువగా ఫోలిక్ ఆమ్లాన్నో, రక్త క్యాన్సర్ మందునో, యాంటీబయాటిక్‌నో తలుచుకుంటారు. దారం వంటి ఒక పురుగుపై ఆయన బృందం సాగించిన వేటకు అంత ప్రచారం రాలేదు. కానీ గోదావరి, కృష్ణా డెల్టాల ప్రజలకు ఆయన కృషిలో అన్నిటికన్నా దగ్గరి కథ అదే. ఎందుకంటే ఆ పురుగు తరతరాలుగా కోస్తా తీరాన్ని పీడించింది.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసినా ఆ ఇంట డబ్బుకు ఎప్పుడూ కటకటే. చదువు మీద తొలిరోజుల్లో సుబ్బారావుకు పెద్దగా ఆసక్తి ఉండేది కాదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదించాలని బాల్యంలోనే కాశీకి బయలుదేరారని, ఇంటివారు వెదికి వెనక్కి తీసుకువచ్చారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. తండ్రి మరణానంతరం తల్లి తన నగలు అమ్మి కుమారుని చదివించారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి.

మద్రాసులో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలని కోరుకున్నారు. తల్లి అంగీకరించలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోవడానికి మఠం పెద్దలూ ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుంటే అదీ సేవే అవుతుందన్న సలహా ఆయనను మద్రాసు వైద్య కళాశాల వైపు నడిపించింది. మిత్రులు, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన సాయంతో చదువు సాగింది. సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరిని ఆయన వివాహం చేసుకున్నారు.

అవి స్వాతంత్ర్యోద్యమ దినాలు. గాంధీజీ పిలుపు అందుకున్న సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి సైతం ఖద్దరు దుస్తులతోనే వెళ్ళారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి అది నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగా రాసినా సుబ్బారావుకు పూర్తి ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ పట్టాతోనే ఆయన బయటికి వచ్చారు. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగం కోసం చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో చేరారు.

ఆ సంవత్సరాల్లోనే ఆయన కుటుంబంలో విషాదం జరిగింది. పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేక మనిషి శుష్కించిపోయే స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని స్వల్ప వ్యవధిలోనే బలిగొన్నది. ఆ వ్యాధి ఆయనకూ సోకింది. డాక్టర్ లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మందు పనిచేసింది. అది ఎందుకు పనిచేసిందో, అందులోని ఏ పదార్థం పనిచేసిందో తెలుసుకునే సాధనాలు మాత్రం ఆనాడు మద్రాసులో ఆయనకు అందుబాటులో లేవు. ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయడానికి అమెరికా వెళ్ళాలని నిశ్చయించుకున్నారు.

కండరంలో దాగిన శక్తి

1920ల తొలినాళ్ళలో, ఒక అక్టోబరు మాసంలో, సుబ్బారావు బోస్టన్ చేరుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఇచ్చిన సాయం ప్రయాణానికి ఉపకరించింది. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విభాగంలో సీటు వచ్చినా ఉపకార వేతనం లేదు. పగలు చదువుకుంటూ, రాత్రివేళ ఆసుపత్రిలో చిల్లర పనులు చేస్తూ గడిపారు. డిప్లొమా పూర్తి అయ్యాక హార్వర్డ్ వైద్య కళాశాలలోని జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు.

అక్కడ ఆయన చేసిన మొదటి పని ఒక కొలమానం. రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉన్నదో రంగు గాఢతను బట్టి లెక్కించే పద్ధతిని ఫిస్కే, సుబ్బారావు కలిసి 1925లో ప్రకటించారు. ద్రవంలో భాస్వరం ఎక్కువగా ఉంటే నీలి రంగు చిక్కనవుతుంది, తక్కువగా ఉంటే పలచనవుతుంది. వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైన ఈ పద్ధతిని తరతరాల జీవరసాయన విద్యార్థులు నేర్చుకున్నారు.

ఆ కొలమానమే వారిని పెద్ద ఆవిష్కరణల వద్దకు చేర్చింది. కండరంలో భాస్వరాన్ని కొలుస్తుండగా, కండరం పనిచేసినప్పుడు విడిపోయి, విశ్రాంతిలో తిరిగి రూపొందే పదార్థం ఒకటి వారి కంటబడింది. అది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. 1929లో మరో భాస్వర పదార్థాన్ని వేరుచేశారు. దానినే నేడు ఏటీపీ అంటున్నాం. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నారు. మనిషి నడకకైనా, పక్షి ఎగరడానికైనా, పురుగు పాకడానికైనా కావలసిన శక్తిని కణాలకు అందించే నాణెం వంటిది ఏటీపీ. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. చాలా ఏళ్ళ తరువాత పురుగుల కథలో ఏటీపీ మళ్ళీ కనబడుతుంది.

సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ పొందారు. ఇంత పనిచేసినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు శాశ్వత స్థానం లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ పట్టణంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు.

లెడర్లీలో ఎనిమిదేళ్ళు

లెడర్లీలో ఆయన పని తీరు మారింది. ఒకరిద్దరు కూర్చుని చేసే ప్రయోగాలకు బదులు రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవి నిపుణులు, జంతువులపై మందులు పరీక్షించేవారు, వైద్యులు ఒకే లక్ష్యం వైపు కదిలే పెద్ద బృందాలను ఆయన నడిపారు. కాలేయపు సారంలో రక్తహీనతను తగ్గించే పదార్థాల కోసం హార్వర్డ్‌లోనే మొదలుపెట్టిన అన్వేషణ ఇక్కడ ఫలించింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం మందుగా పనికివచ్చింది. నేడు మన దేశంలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం ఇదే.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే పదార్థాలను సైతం ఈ బృందం తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన చిన్నారులకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానికి చెందినదే. వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసిన ఆరియోమైసిన్ కూడా ఈ ప్రయోగశాలల నుంచే వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్‌లలో అది మొదటిది.

వీటి నడుమనే పురుగుల పని సాగింది. దానిని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ పురుగును తెలుసుకోవాలి.

రాత్రివేళ రక్తంలోకి వచ్చే శత్రువు

బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగు దారం వంటిది. ఆడ పురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మగ పురుగు అందులో సగం కూడా ఉండదు. అవి మన శరీరంలో శోషరసం ప్రవహించే నాళాల్లో కాపురం పెడతాయి. అక్కడ ఆరు నుంచి ఎనిమిదేళ్ళు బతికి లక్షల సంఖ్యలో సూక్ష్మమైన పిల్లలను కంటాయి. మైక్రోఫైలేరియా అనే ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల లోపలి నాళాల్లో తలదాచుకుని, రాత్రి పొద్దుపోయాక రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది ఆ వేళకే. దోమ వాటిని పీల్చుకుని, తన శరీరంలో కొన్నాళ్ళు పెరగనిచ్చి, మరొక మనిషికి అంటిస్తుంది. మురుగు కాల్వల పక్కన, నిలవ నీటి గుంటల చెంత దోమ పెరిగే చోటల్లా ఈ వ్యాధి స్థిరపడింది.

ఈ చక్రం మనిషికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఒట్టో వూకరర్ 1866లో బ్రెజిల్‌లో ఒక రోగి మూత్రంలో ఈ సూక్ష్మ పురుగులను చూశారు. టిమోతీ లూయిస్ 1872లో కలకత్తాలో వాటిని మనిషి రక్తంలో కనుగొన్నారు. ఆస్ట్రేలియాలో జోసెఫ్ బాంక్రాఫ్ట్ 1876లో పెద్ద పురుగును పట్టుకున్నారు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ 1877లో దోమ శరీరంలో ఆ పిల్ల పురుగులు పెరగడం గమనించారు. ఒక కీటకం మనుషుల వ్యాధిని పెంచి మోస్తుందని తొలిసారి తెలిసింది అప్పుడే.

ఇన్ని తెలిసినా మందు మాత్రం దొరకలేదు. ఆర్సెనిక్, యాంటిమొనీ వంటి విషపూరిత లోహాల సమ్మేళనాలను ప్రయోగించారు. వాటితో పురుగుకు ఎంత హాని జరిగేదో మనిషికీ దాదాపు అంతే జరిగేది. కాలు ఏనుగు కాలులా వాచిన మనిషి పనికి దూరమయ్యేవాడు. వృషణాలు వాచిన మగవారు నలుగురిలోకి రావడానికి జంకేవారు. ఆడపిల్లకు కాలు వాస్తే పెళ్ళి సంబంధం రావడమే కష్టమయ్యేది. ప్రాణం తీయని వ్యాధి కావడంతో ప్రభుత్వాల పద్దులో దానికి ఎప్పుడూ వెనుక వరుసే.

రెండవ ప్రపంచ యుద్ధం ఆ పరిస్థితిని మార్చింది. దక్షిణ పసిఫిక్ ద్వీపాలలో దిగిన అమెరికా సైనికులలో వేలాది మంది ఫైలేరియా బారిన పడ్డారు. అప్పటివరకు ఉష్ణమండల పేదల వ్యాధిగా ఉన్నది అమెరికా సైన్యపు సమస్య అయింది. మందు కోసం పరిశోధన జోరందుకున్నది. లెడర్లీలో ఆ పని సుబ్బారావు పర్యవేక్షణలో, రెడ్జినల్ హెవిట్ తదితర శాస్త్రవేత్తల చేతుల మీదుగా సాగింది.

ఎలుక నుంచి మనిషికి

మనిషికి సోకే ఫైలేరియా పురుగును ప్రయోగశాలలో పెంచే మార్గం లేదు. అందుకే బృందం అమెరికా దక్షిణ ప్రాంతపు పత్తి ఎలుకను ఎంచుకున్నది. ఆ ఎలుకలకు సహజంగానే ఒక రకం ఫైలేరియా సోకుతుంది. కుక్కల గుండెలో చేరే మరో ఫైలేరియా పురుగును సైతం పరీక్షలకు తీసుకున్నారు. రసాయన శాస్త్రవేత్తలు ఒక్కొక్క సమ్మేళనం తయారుచేసి ఇవ్వగా, దాన్ని ఎలుకలకు పట్టించి, వాటి రక్తపు చుక్కలో పిల్ల పురుగులు ఎన్ని మిగిలాయో సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టేవారు.

ఆ వెదుకులాటలో పైపెరజీన్ అనే ఉంగరాకార రసాయనం నుంచి రూపొందిన సమ్మేళనాలు ఆశాజనకంగా కనిపించాయి. వాటిలో ఒకటి ఎలుకల రక్తంలోని పిల్ల పురుగులను త్వరగా మాయం చేసింది. అదే డైఇథైల్‌కార్బమజైన్. లెడర్లీ దానికి హెట్రజాన్ అని పేరు పెట్టింది. 1947లో ఎలుకలు, కుక్కలపై ఫలితాలు వెలువడ్డాయి. ఆ వ్యాస రచయితలలో సుబ్బారావు ఒకరు. అదే ఏడాది పోర్టోరికోలో బోదకాలు రోగులకు ఆ మందు ఇచ్చి చూశారు. నోటి ద్వారా తీసుకునే, చవకైన, మనిషికి పెద్దగా హాని చేయని మందు తొలిసారిగా దొరికింది.

ఆ ఫలితాలు ఎంత దూరం వెళతాయో చూసే అవకాశం సుబ్బారావుకు కలగలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. బోస్టన్ ఓడ ఎక్కిన నాటి నుంచి ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరిని మళ్ళీ చూడలేదు. భారతీయులు అమెరికా పౌరసత్వం పొందడానికి 1946లో చట్టం వీలు కల్పించినా, ఆయన భారతీయుడిగానే కన్నుమూశారు.

మందు పనిచేస్తుంది, ఎలా పనిచేస్తుంది?

హెట్రజాన్ ఒక చిక్కుముడిని మిగిల్చింది. ఎలుక రక్తంలో పిల్ల పురుగులను చకచకా మాయం చేసిన ఆ మందును గాజు పాత్రలోని పురుగులపై పోస్తే అవి చావకుండా కదులుతూనే ఉండేవి. లండన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ హాకింగ్, ఆయన సహచరులు 1950లో దీనికి కొంత సమాధానం చెప్పారు. ఈయన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ తండ్రి. మందు పడిన పిల్ల పురుగులు కాలేయంలో చిక్కుకుంటాయి. అక్కడ శరీరపు రక్షక కణాలు వాటిని చుట్టుముట్టి మింగివేస్తాయి. అంటే పురుగును మందు ఒక్కటే చంపడం లేదు. మందు సాయంతో మన శరీరమే ఆ పని పూర్తి చేస్తున్నది.

మరి పురుగులో ఆ మందు తాకే చోటు ఏది? ఈ ప్రశ్నకు జవాబు కోసం శాస్త్రవేత్తలు పురుగుల నాడీవ్యవస్థ వైపు చూశారు. పురుగుకు కళ్ళు, చెవులు లేకపోయినా నరాలు ఉన్నాయి, కండరాలు ఉన్నాయి. పేగుల్లోనో, నాళాల్లోనో ప్రవాహానికి కొట్టుకుపోకుండా నిలవాలంటే అది నిరంతరం కదలాలి, తినాలి, గుడ్లో పిల్లలో పెట్టాలి. ఆ పనులన్నింటికీ నరాల నుంచి రసాయన సందేశాలు అందాలి. అటువంటి సందేశ రసాయనాలలో సెరొటోనిన్ ఒకటి.

మనిషి మెదడులో మానసిక స్థితికి, పేగుల్లో కదలికకు తోడ్పడే సెరొటోనిన్‌కు ఆ పేరు పెట్టింది సుబ్బారావు మరణించిన 1948లోనే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పశువుల రక్తం నుంచి దాన్ని వేరుచేశారు. మరుసటి దశాబ్దంలో, ఈజిప్టులో పుట్టి అమెరికాలో పనిచేసిన తాగ్ మన్సూర్ దాన్ని పురుగుపై ప్రయోగించారు. మన పశువైద్యులు కార్జపు జలగ అని పిలిచే పురుగును ఆయన ఎంచుకున్నారు. గొర్రెలు, పశువుల కాలేయంలో ఉండే ఆ పురుగుకు సెరొటోనిన్ తగలగానే అది హుషారుగా కదలసాగింది, చక్కెరను ఎక్కువగా వాడుకోసాగింది.

అప్పుడు పురుగు కణం లోపల జరిగేది ఇది. కణపు పొరలో గ్రాహకం, అంటే రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. తాళానికి తాళంచెవి కుదిరినట్టు సెరొటోనిన్ దానికి కుదురుతుంది. వెంటనే కణంలోని ఒక ఎంజైమ్ మేల్కొని ఏటీపీని సైక్లిక్ ఏఎంపీ అనే మరో పదార్థంగా మారుస్తుంది. ఆ పదార్థం చక్కెరను మండించే యంత్రాంగాన్ని వేగవంతం చేస్తుంది. సుబ్బారావు, ఫిస్కే 1929లో కండరం నుంచి వేరుచేసిన ఏటీపీ ఈ విధంగా పరాన్నజీవి పురుగు కదలికను వివరించే పాఠంలోనూ మొదటి వాక్యమై నిలిచింది.

పురుగులన్నీ ఒకే తీరున స్పందించవు. జలగ వంటి చదును పురుగులను సెరొటోనిన్ కదిలిస్తుంది. ఏలికపాములు, ఫైలేరియా వంటి గుండ్రని పురుగుల జాతిలో కథ వేరు. ఆ జాతికే చెందిన, మట్టిలో స్వేచ్ఛగా బతికే ఒక సూక్ష్మ పురుగును శాస్త్రవేత్తలు నమూనాగా వాడతారు. దానిలో సెరొటోనిన్ గొంతు కండరాన్ని ఆడించి ఆహారం లోపలికి తీసుకునేలా చేస్తుంది, గుడ్లు పెట్టిస్తుంది, కదలికను మాత్రం నెమ్మదింపజేస్తుంది. సెరొటోనిన్ తగిలితే తెరుచుకుని క్లోరైడ్ అయాన్లను లోపలికి వదిలే ఒక ద్వారం ఆ పురుగు కణాల్లో ఉన్నదని 2000లో తేలింది. గొర్రెల కడుపులో రక్తం పీల్చే పురుగులోనూ ఆ రకం గ్రాహకం కనిపించింది. మనిషిలో సెరొటోనిన్ గ్రాహకాలు 14 రకాలు ఉన్నా, ఈ రకం క్లోరైడ్ ద్వారం వాటిలో లేదు.

ఈ తేడాలోనే మందుల శాస్త్రం ఆశ పెట్టుకున్నది. మనకు, పురుగుకు ఒకే విధంగా ఉన్న భాగాన్ని దెబ్బతీస్తే మందు ఇద్దరికీ విషమే. పురుగుకు ఉండి మనకు లేని భాగం దొరికితే మందు పురుగును వెదికి పట్టుకుంటుంది. పాత మందులు కొన్ని ఇలాంటి తేడాల మీదే పనిచేస్తాయని తరువాత తెలిసింది. ఐవర్‌మెక్టిన్ పురుగుల నరాల్లోని మరొక క్లోరైడ్ ద్వారాన్ని తెరిచి వాటిని చచ్చుబడేలా చేస్తుంది. డీఈసీకి మూలమైన పైపెరజీన్ ఏలికపాము కండరాలను వదులు చేస్తుంది. డీఈసీ సంగతి తేలడానికి ఇంకా సమయం పట్టింది. అది ఫైలేరియా పురుగు కండరాల్లోని టీఆర్‌పీ అనే ద్వారాలను తెరిచి, పురుగును కొన్ని గంటలు బిగుసుకుపోయేలా చేస్తుందని అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపారు. మందు తయారైన 73 ఏళ్ళకు దొరికిన సమాధానం ఇది. సెరొటోనిన్ గ్రాహకాలపై పనిచేసే కొత్త మందు కోసం అన్వేషణ ఇంకా సాగుతున్నది.

మింగితేనే మందు

వివరణ కోసం వేచి ఉండకుండానే డీఈసీ లోకానికి ఉపయోగపడింది. భారతదేశం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వంట ఉప్పులో డీఈసీ కలిపి అందరికీ అందించే పద్ధతిని ఫ్రాంక్ హాకింగ్ బ్రెజిల్‌లో పరీక్షించారు. చైనా ఆ ఉప్పును విస్తృతంగా వాడి 2007లో ఈ వ్యాధిని నిర్మూలించినట్టు ప్రకటించింది. మన పొరుగున శ్రీలంక, మాల్దీవులు 2016లోను, బంగ్లాదేశ్ 2023లోను ఆ విజయం సాధించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. మన దేశం 2027ను లక్ష్యంగా పెట్టుకున్నది. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలతో పాటు కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్‌ను కూడా కలిపి ఇస్తున్నారు.

జబ్బు లేనివారికి మందెందుకన్న ప్రశ్నకు పురుగు జీవితమే సమాధానం. పైకి ఏ లక్షణమూ లేని మనిషి రక్తంలోనూ రాత్రివేళ పిల్ల పురుగులు తిరుగుతుండవచ్చు. ఆయనను కుట్టిన దోమ పక్కింటి పసివాడిని కుడుతుంది. ఊరంతా ఒకేసారి మందు మింగి, దాన్ని ఏటా కొనసాగిస్తే, పెద్ద పురుగులు ముసలివై చనిపోయేలోగా దోమకు దొరికే పిల్ల పురుగులు లేకుండా పోతాయి. సగం మంది మాత్రలు గూట్లో పెడితే ఆ గొలుసు తెగదు. మాత్ర వేసుకున్నాక కొందరికి వచ్చే జ్వరం, తలనొప్పి చాలావరకు పురుగులు చనిపోతున్న గుర్తులే. అవి త్వరలోనే తగ్గుతాయి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారికి ఈ మాత్రలు ఇవ్వరు. మిగిలినవారు భోజనం చేశాక, ఆరోగ్య కార్యకర్త ఎదుటే వేసుకోవాలి. ఒకసారి బాగా వాచిపోయిన కాలును మాత్ర పూర్వస్థితికి తేలేదు. అందుకే వాపు రాకముందే మింగడం అవసరం.

సుబ్బారావు శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళ విడుదల చేసింది. అంతకు ముందే, 1953లో, ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. డీఈసీ మాత్రల పొట్లం మీద మాత్రం ఆయన పేరు ఉండదు. భీమవరం నుంచి వెళ్ళిన ఆయన తిరిగి రాలేదు. ఆయన విభాగం తయారుచేసిన మందు కోస్తా గ్రామాలకు, దేశంలోని మరెన్నో జిల్లాలకు వచ్చింది. ఈసారి ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు ఆమె చేతిలో ఉండేది అదే మాత్ర.